చిన్నగిన్నె పిన్ని

పప్పు కుక్కర్లో పుడుతుంది. భోజనాలయ్యాక స్టీలు గిన్నెలోకి, రాత్రికి అంతకన్నా చిన్నదాన్లోకి, మర్నాడు కప్పులోకి మకాం మారుస్తుంది. ఈ వలసలన్నీ చేయించేది మన చిన్నగిన్నె పిన్ని. అపార్టుమెంటుకి ఇద్దరైనా ఉంటారు ఇలాంటివాళ్ళు. ఆవిడ ఫ్రిజ్ తెరిస్తే కూరలు కనిపించవు, మూతలు కనిపిస్తాయి.

అన్నం పారేస్తే పాపమన్నది పిన్ని సిద్ధాంతం. తాజాగా ఉన్నప్పుడు పారేస్తేనే సుమా! బూజు పట్టాక పారేస్తే అది శుభ్రత. ఆ మధ్యలో పడే వాయిదాల కోసమే పెద్ద ఫ్రిజ్ కొనాల్సి వచ్చింది.

అలాగని పిన్నిని తీసిపారెయ్యడానికి లేదు. ఇడ్లీపిండి పులిస్తే అట్టు, ఇంకా పులిస్తే పునుగు. రాత్రి చపాతీలు తుంపి తాలింపు పెడితే పొద్దున్నకి ఉప్మా. పులిసిన పెరుగు మజ్జిగపులుసు, విరిగిన పాలు కోవా. పుచ్చకాయలో ఎర్రకండ పిల్లలు తింటే, తెల్లకండ పప్పులో తేలుతుంది.

ఓరోజు కోడలు ఫోన్లో చూసి చదివింది. "అత్తయ్యా, 2022లో ప్రపంచమంతా పారేసిన తిండి 105 కోట్ల టన్నులట. అందులో 60 శాతం ఇళ్ళలోనేనట. మన దేశంలో ఇళ్ళలో పారేసేదే మనిషికి ఏడాదికి 55 కిలోలట." ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో తేల్చిన లెక్క అది. నలుగురున్న ఇంటికి 220 కిలోలు, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు తొమ్మిదికి కాస్త తక్కువ. పిన్ని వెంటనే లొసుగు పట్టింది.

"తొక్కలూ, టెంకలూ, ఎముకలూ కలిపారా లేదా?"

కలిపారు.

"మరి మన బీరతొక్కు పచ్చడైపోయిందిగా. ఆ మేరకి మన లెక్కలోంచి తీసెయ్యమను!"

అసలు గుట్టు ఫ్రిజ్‌లో లేదు, బియ్యం డబ్బా దగ్గరుంది. ఇంటిల్లిపాదికీ రెండు గ్లాసులు చాలు. పిన్ని చెయ్యి మాత్రం దానంతటదే మూడోది ముంచుతుంది. "ఎవరైనా వస్తేనో?" ఆవిడ పుట్టింట్లో నిజంగానే ఎవరో ఒకరు వచ్చేవారు. రాకపోతే మిగిలింది చద్దన్నమయ్యేది, అదీ మిగిలితే కుడితితొట్టిలో పడి, గేదె కడుపున పడి, పాలై తిరిగొచ్చేది. మూడో అంతస్తులో గేదె లేదు. ఇప్పటి చుట్టాలు ముందు ఫోన్ చేసి, పైగా తినేసి మరీ వస్తారు. మూడో గ్లాసు మాత్రం మానలేదు.

దీనికి బాబాయి తోడు. ఒక కట్ట తోటకూరకని రైతుబజారుకెళ్ళి, చవగ్గా ఉందని ఆరు కట్టలు తెస్తాడు. తెచ్చి అరటిపండ్ల పక్కన పెడతాడు. పండే అరటిపండు ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది, దాని పక్కనున్న ఆకుకూర తొందరగా పసుపెక్కుతుంది. ఈ సంగతి చెబితే బాబాయి నవ్వుతాడు, తోటకూర వాడుతుంది.

కోడలు గట్టిగా పట్టుబట్టేది ఒక్క దగ్గరే. రాత్రంతా గట్టు మీద వదిలేసిన అన్నంతో పులిహోర కలపనివ్వదు. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా చావవు, గదివేడిలో అది పెరిగి వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అందుకే అన్నం వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టెయ్యాలంటుంది.

"మా రోజుల్లో ఇవన్నీ లేవమ్మా."

"ఉన్నాయత్తయ్యా, అప్పటికి మీకు పేరు తెలీదంతే."

అప్పట్నుంచీ ప్రతి గిన్నె మీదా టేపు, దాని మీద తేదీ. పిన్ని వాటిని పుట్టినరోజుల్లా చదువుకుంటుంది. "గోంగూరకి పురుడు దగ్గర పడింది" అని గుర్తుచేసేదీ ఆవిడే.

మొన్న ఆదివారం కోడలు బియ్యం తనే కొలిచింది. మెతుకు మిగల్లేదు. ఖాళీ గిన్నె చూసి పిన్నికి బెంగ పట్టుకుంది. రెండున్నరకి బెల్లు మోగింది. బాబాయి పాత ఆఫీసు స్నేహితుడు, ఫోనైనా చెయ్యకుండా, ఆకలితో!

పిన్ని లేచిన తీరు చూడాలి. ఓ గ్లాసు బియ్యం కుక్కర్లో పడేసి ఫ్రిజ్ తెరిచింది. తొమ్మిది గిన్నెలు దిగాయి. కోడలు టేపులు చూసి రెండింటిని చడీచప్పుడూ లేకుండా వెనక్కి తీసింది. మిగిలిన ఏడూ పొగలు కక్కుతూ వరసగా కూర్చున్నాయి.

"రోజూ ఇన్ని కూరలేనా అమ్మా!" అన్నాడాయన.

పిన్ని కోడలి వైపు చూడకుండా చూసింది.

ఆయన వెళ్ళాక రెండు చెంచాల పప్పు మిగిలింది. అప్పటికే అది ఇంట్లోకెల్లా చిన్న గిన్నెలో ఉంది. పిన్ని కాసేపు ఆలోచించి, అటక మీంచి మనవడి వెండి ఉగ్గుగిన్నె దింపించింది.