తోక తెగిన ఎలుక

మా రోజుల్లో మౌస్‌కి తోకుండేది నాయనా. ఆ తోక చివర ఆకుపచ్చ పిన్ను, కీబోర్డు తోక చివర ఊదారంగు పిన్ను, సీపీయూ వీపున అవే రంగుల కన్నాలు రెండు. పీఎస్ టూ పోర్టులనేవాళ్లం. 1987లో ఐబీఎం వాళ్లు తెచ్చినవి, రంగులు తర్వాత వచ్చాయిలే. అక్షరమ్ముక్క రానివాడైనా రంగు చూసి గుచ్చేసేవాడు.

మొన్న నా పుట్టినరోజుకి మనవడు బ్లూటూత్ కీబోర్డు, మౌస్ కొనిచ్చాడు. "వైర్ల గోలుండదు తాతయ్యా" అన్నాడు. వైర్ల గోల లేదు, నిజమే. మిగతా గోలంతా ఉంది. పదో శతాబ్దంలో డెన్మార్కుని ఏలిన హరాల్డ్ అనే రాజుగారి బిరుదట ఈ బ్లూటూత్, అంటే నీలిపన్ను. రాజుగారి పేరు పెట్టారు కదా, దర్బారు మర్యాదలు తప్పుతాయా! మౌస్ పొట్టకింద బొత్తాం లైటు టపటప కొట్టుకునేదాకా నొక్కిపట్టాలి. ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్, అందులో బ్లూటూత్, అందులో యాడ్ డివైస్. ఎదురింటివాళ్ల టీవీ దొరికింది, పైవాటాలో ఎవరిదో ఇయర్‌ఫోను దొరికింది, నా అరచేతి కింద ఉన్న మౌస్ మాత్రం దొరకలేదు. పొట్టకింద ఇంకో మీట ఉందట, అది ఆన్ చెయ్యలేదట. సరే, అది నా తప్పే అనుకో.

కీబోర్డయితే ఏకంగా పరీక్షే పెట్టింది. తెరమీద ఆరంకెలు చూపించి, కొట్టి ఎంటర్ నొక్కమంది. టైపు హయ్యరు పాసైనవాణ్ణి, నాకు పరీక్షా? పాసయ్యానులే. ఆనక ఓ ముప్పావుగంట తలెత్తకుండా పింఛను బకాయి గురించి అర్జీ కొట్టాను. తలెత్తితే తెర తెల్లగా ఉంది. ఇంతలో కోడలు అట్లకాడతో వచ్చి, "మావయ్యగారూ, నా ట్యాబ్‌లో చీరలు వెతికే చోట 'మహారాజశ్రీ అయ్యా' అని వచ్చి పడుతోంది" అంది. పైవరసలో మూడు మీటలున్నాయి, ఒకటి నొక్కితే ల్యాప్‌టాపు, పక్కది నొక్కితే ట్యాబు. ఎవడికయ్యా ఒక కీబోర్డుకి మూడు సంసారాలు?

ఆ పాత మౌస్ కడుపులో బరువైన రబ్బరు గోళీ ఉండేది. బాణం మొరాయిస్తే మూత తిప్పి, గోళీ తీసి, లోపలి చక్రాలకి పట్టిన మట్టి గోటితో గీకితే చాలు, మళ్లీ పరుగు. రోగం కంటికి కనబడేది. ఆఫీసులో గోళీలు మాయమయ్యేవనుకో, ఎవరి పిల్లలు ఆడుకున్నారో అడక్కు. ఇప్పుడు కాఫీ తాగొచ్చేసరికి మౌస్ నిద్రపోతోంది. కరెంటు ఆదాకని విండోసే దాన్ని జోకొడుతోందని, మనవడు డివైస్ మేనేజర్‌లో ఏదో టిక్కు తీసేసి వెళ్లాడు.

మా తోకలకీ కష్టాలున్నాయి. సన్నపిన్నుల్లో ఒకటి వంగిందంటే బల్లకింద దూరి, తుమ్ముకుంటూ, మా ఆవిడ పిన్నీసుతో సరిచేసేవాణ్ణి. సిస్టమ్ ఆన్‌లో ఉండగా గుచ్చితే పలికేది కాదు, ఆపి మళ్లీ వెయ్యాల్సిందే. ఇదేమో పడక్కుర్చీలో కాళ్లు చాపుకుని, కీబోర్డు బొజ్జమీద పెట్టుకుని రాస్తున్నాను. మా మనవడితో అనకు.

ఉండు, ఎర్రలైటు వెలిగింది. తోకున్నవాటికి సెల్లులు వెయ్యక్కర్లేదు. టీవీ రిమోట్ ఎక్కడుందో చూడాలి, మా ఆవిడ సీరియల్ మొదలయ్యేలోపు.