కోర్సుల మామయ్య

నల్లకుంట శంకరమఠము వెనుక సందులో నివసించు మా మేనమామగారు ఉద్యోగ విరమణానంతరము మఠమున ప్రవచనములు వినుచు కాలక్షేపము గావింపక, ఆన్‌లైనులో డిజిటల్ ఆరోగ్యవిద్య నభ్యసింప బూనుటవలన మా బంధువర్గమున ఆరోగ్యవంతుడన్నవాడు లేకపోయెను. ప్రతి కోర్సు సర్టిఫికెట్టును లామినేషను చేయించి తాతగారి పటము ప్రక్కన తగిలింతురు; తాతగారిప్పుడు మూలకు జరిగినారు.

ఇంట సీరియళ్ల రొద భరింపలేక చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున, అశోక్‌నగర్ కోచింగు కుర్రవాండ్ర నడుమ, చెవుల నియర్‌ఫోన్లు దోపుకొని కూర్చుందురు. ఒకడు వినయముతో "సార్, గ్రూప్ వన్నా, టూనా?" అని యడుగగా, తడుముకొనక "బీ పాజిటివ్" అనిరట.

2020 మార్చి 25న వెలువడిన టెలీమెడిసిన్ మార్గదర్శకములు వారికి కంఠస్థము. రోగి తానై వైద్యుని బిలిచినచో సమ్మతి యున్నట్లే భావింపవచ్చుననియు, అవతలివారు బిలిచినచో రోగి సమ్మతిని స్పష్టముగా గైకొనవలెననియు అందు కలదు. మామయ్య వైద్యులు కాకున్నను నియమము తప్పరు, రాత్రి పదింటికి వీడియో కాల్ చేసి "ఏరా, సమ్మతమేనా?" అందురు, బదులు చెప్ప నోరు తెఱచినంతనే నాలుక చూపుమందురు.

అయినను, పై వాటాలోని వృద్ధురాలి ప్లాస్టిక్ సంచిలో ఏండ్ల తరబడి నలిగిన మందుచీటీలను చదునుచేసి, తారీఖుల వరుసను ఫోటోలు దీసి, ఓటీపీ ఏనాడో వదలుకొన్న నంబరునకు పోవుచుండగా ఆమెను ఎండలో ఆధార్ కేంద్రమునకు గొనిపోయి నంబరు మార్పించి, 14 అంకెల ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) సంఖ్య సంపాదించి పెట్టినదియు వీరే. కొత్త డాక్టరు పాత మందు లేవని యడిగినపుడు ఆమె సంచి వెదకక ఫోను చాపినదట.

ఇక నా బీపీ సంగతి. కొలుచుటకు ముందు ఐదు నిమిషము లూరక కూర్చుండవలెను; వీపు కుర్చీకి, పాదములు నేలకు ఆనవలెను; చేయి గుండె మట్టమున నుండవలెను; మాటలాడరాదు, మాటలాడిన అంకె పెరుగును. పట్టీ నా దండకు చుట్టి, అది బుసకొట్టుచు బిగియుచుండగా మామయ్య ఇవన్నియు బోధించి, "అర్థమైందా?" అని గద్దించిరి. మేనమామ యడిగిన పలుకకుండుట మా యింట చెల్లదు.

"అర్థమైంది, మామయ్యా."

"ఏమర్థమైందో చెప్పు."

చెప్పితిని. యంత్రమున 152 వెలసినది. వారు మూతి బిగించి, దానిని యాప్‌లో నెక్కించి, నా భార్యకు షేర్ చేసిరి. ఆ సాయంత్రమే మా యింట ఆవకాయ జాడీ అటక యెక్కినది. ఉప్పు గూర్చి యేదో కోర్సున్నదట; నేనది ముగించి సర్టిఫికెట్టు చూపిన పిమ్మటనే దింపునట.