నవలేచ్ఛా వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం

“నవల రాద్దామనే ఉందండీ. టైమే దొరకట్లేదు. దొరికినా మనవల్ల అవుతుందా అని.”

అవతారిక

ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియదు. పుస్తకావిష్కరణ సభల్లో ఉపన్యాసాలు ముగిసి టీ కప్పులు అందుకునే వేళ, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఒక స్టాలుకూ ఇంకో స్టాలుకూ నడుమ, డల్లాస్ ఉగాది భోజనాల వరసలో పులిహోర ఇంకా రాకముందు, ఇది ఎవరి నోటనైనా పలుకుతుంది. ఒకరు రాయగా ఇంకొకరు చదివింది కాదు. విని విని నేర్చుకున్నదే. కాబట్టి అపౌరుషేయమన్నా తప్పులేదు. పాఠభేదాలు మాత్రం ఉన్నాయి. గృహస్థ ప్రతిలో ‘పిల్ల పెళ్లి కానివ్వండి’ అనీ, గుమాస్తా ప్రతిలో ‘రిటైరయ్యాక అదే పని’ అనీ, సాఫ్ట్‌వేర్ ప్రతిలో ‘ఈ రిలీజు ఒక్కటీ గట్టెక్కనీ’ అనీ కనిపిస్తుంది. భావం ఒక్కటే. కాళిదాసుకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. ఈ వ్యాఖ్యాతకు ఆ ప్రతిజ్ఞలో మొదటి సగమే శక్యం.

ప్రతిపదార్థం

నవల = నూరు పుటలు దాటిన కల్పిత గద్యం; ఇక్కడ ఇంకా రాయనిది గనుక ఏ దోషమూ లేనిది. రాద్దామనే = రాయుదము అనియే; ఉత్తమ పురుష బహువచనం. రాయవలసింది ఒక్కరే అయినా బహువచనం వాడటం బాధ్యత పదిమందికీ పంచడానికి. ఉందండీ = ఉన్నది; ‘నాకు’ అన్న మాట మూలంలో లేకపోవడం గమనార్హం. టైమే = కాలము మాత్రమే. దొరకట్లేదు = లభించుట లేదు; వెతికినట్టు దాఖలా లేదు. దొరికినా = లభించినప్పటికీ; అప్యర్థకం. మనవల్ల = మళ్లీ బహువచనమే. అవుతుందా = శక్యమగునా. అని = ఇక్కడ వాక్యం తెగింది; ‘భయం’ అనే పదాన్ని అధ్యాహారం చేసుకోవాలి. చెప్పేవారు దాన్ని ఎన్నడూ పైకి అనరు.

వ్యాఖ్య

రెండో వాక్యంలోని ఏవకారం మీద వ్యాఖ్య అంతా నిలుస్తుంది. ‘టైమే’ అన్నప్పుడు తక్కినవన్నీ ఉన్నాయని అర్థం: కథ ఉంది, భాష ఉంది, ప్రతిభ ఉంది, లేనిదల్లా కాలం. మూడో వాక్యంలోని అప్యర్థకం వచ్చి దీన్ని కొట్టేస్తుంది: కాలం దొరికినా పని కాకపోవచ్చు. అంటే లేనిది కాలం ఒక్కటే కాదు. ఇది పూర్వాపర విరోధమే అయినా పొరపాటున పడ్డది కాదు. రెండు వాక్యాలూ ఒకదానికొకటి కాపలా. ‘సెలవు పెట్టి కూర్చోండి’ అని ఎవరైనా అంటే మూడో వాక్యం అడ్డు నిలుస్తుంది. ‘మీరు చక్కగా రాయగలరు’ అని ఎవరైనా అంటే రెండో వాక్యం ముందుకొస్తుంది. మూడో వాక్యంలో లోపించిన ధైర్యం సంగతీ చూద్దాం. రాస్తే గానీ రాయగలనన్న నమ్మకం రాదు. నమ్మకం వస్తే గానీ రాయడు. శాస్త్రంలో దీన్ని అన్యోన్యాశ్రయ దోషమంటారు. వాడుకలో, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అంటారు. ఇలాంటి ముడి లోపలినుంచి విడదు. బయటినుంచి మూడో కారణమేదో రావాలి. ఆ కారణం బాకీ అని ఈ వ్యాఖ్య సిద్ధాంతం. ఫలానా వారికి ఫలానా నాటికి ఇస్తానని మాట పడ్డాకే నవల పుడుతుంది. తీరికా ధైర్యమూ ఆ వెనక వస్తాయి.

ముందు కాలాన్ని పరీక్షిద్దాం. కారణమైతే అది ఉన్నచోట కార్యం ఉండాలి, లేనిచోట ఉండకూడదు. తీరిక ఉన్నచోట నవల ఉందా? రిటైరైన వారందరూ నవలలు రాస్తే మన గ్రంథాలయాలకు గోడలు చాలవు. తీరిక లేనిచోట నవల లేదా? ఇంగ్లండులో ఆంథనీ ట్రోలప్ తపాలా శాఖలో ఏళ్ల తరబడి ఉద్యోగం చేస్తూ రాశాడు; జీవితకాలంలో మొత్తం 47 నవలలు. పొద్దున అయిదున్నరకల్లా బల్ల ముందుండాలి. మొదటి అరగంట ముందురోజు రాసింది చదువుకోవడం. ఆ తర్వాత గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాయడం. ప్రచురణకర్తకు ఇవ్వాల్సిన నవలను వారానికి ఇన్ని పుటలని పంచుకుని, రాసిన లెక్క రోజూ డైరీలో వేసుకునేవాడు. వెనకబడితే ఆ అంకె మొహంమీదే కనబడాలి. వేకువనే లేపి కాఫీ ఇచ్చినందుకు ఇంట్లో ముసలి సేవకుడికి ఏటా 5 పౌన్లు అదనంగా ఇచ్చాడు. తన విజయానికి అందరికంటే అతనికే ఎక్కువ రుణపడ్డానేమోనని ఆత్మకథలో ఒప్పుకున్నాడు. అటు ప్రచురణకర్తకు బాకీ, ఇటు కాఫీ ఇచ్చినవాడికి బాకీ. ఇందులో కాలం ‘దొరికింది’ అనడానికి ఏముంది? నిద్రలోంచి కోసి తెచ్చుకున్నాడు.

మన వాఙ్మయం సాక్ష్యమూ ఇదే. కావ్యాల అవతారికలు చదివితే కవి తీరిగ్గా ఉండి రాసిన దాఖలాలు తక్కువ, ఎవరో అడిగిన దాఖలాలు ఎక్కువ. రాజరాజనరేంద్రుడు అడిగితే నన్నయ భారతం ఎత్తుకున్నాడు. అల్లసాని పెద్దనను మనుచరిత్ర అడిగినవాడు కృష్ణదేవరాయలు. మరి రాయలను అడిగేవాడెవడు? కళింగం మీదికి దండెత్తి పోతూ దారిలో ఉన్నాడు. అంతకంటే తీరికలేనివాడు ఆ రోజుల్లో దక్షిణదేశంలో ఉండడు. అందుకని ఆముక్తమాల్యద అవతారికలో, కృష్ణాతీరాన శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసమున్న రాత్రి, ఆంధ్రవిష్ణువే కలలోకి వచ్చి అడగవలసి వచ్చింది. గోదాదేవి కల్యాణం తెలుగున చెప్పమన్నాడు. అంతటితో ఊరుకోలేదు; సంస్కృతంలో రాసిన గ్రంథాలు వరసగా ఎత్తి, ఇన్ని చేసినవాడివి, తెలుగులో కావ్యం నీకు అసాధ్యమా అని నిలదీశాడు. మూల వాక్యంలోని రెండు సాకులనూ దేవుడు ఆ ఒక్క కలలోనే తీర్చేశాడు. యుద్ధానికి పోయేవాణ్ణి అడగడంతో కాలం సాకు పోయింది. పాత పని గుర్తుచేయడంతో ధైర్యం సాకు పోయింది. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని పెద్దలు మూడు చెప్పారు. కవికి నాలుగోది ఉంది, అడిగినవాడి ఋణం.

తెలుగు నవల పుట్టుకలోనూ ఇదే జాడ. 1872 నాటి శ్రీరంగరాజ చరిత్రకు ప్రేరణ, దేశాచారాల మీద కల్పిత కథ కావాలన్న వైస్రాయి లార్డ్ మేయో ప్రకటన. 1878లో కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రాన్ని తన వివేకవర్ధనిలోనే ప్రకరణాలుగా ఇచ్చాడు. పత్రిక తనదే అయినా రాబోయే సంచికకు రాసి తీరాలి. కథకు చట్రం గోల్డ్‌స్మిత్ నవల నుంచి తీసుకున్నాడు గనుక, ధైర్యం చాలనివారికి ఇదీ ఒక దారి: మొదటి నవలకు ఎరువు చట్రం తీసుకోవడం దొంగతనం కాదు. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీ పెట్టింది. విశ్వనాథ సత్యనారాయణ చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసుకోగా, వెయ్యి పుటలకు చేరువైన వేయిపడగలు 29 రోజుల్లో ముగిసిందని ప్రసిద్ధి. అడివి బాపిరాజు నవల ‘నారాయణరావు’తో కలిసి అది బహుమతి పంచుకుంది. ఆ పోటీ గడువు లేకపోతే ఆ రెండు నవలలూ ఎప్పుడు తెమిలేవో చెప్పలేం.

పూర్వపక్షం: ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లిని రాయవెల్లూరు జైల్లో రాశారు కదా, అక్కడ అడిగినవారెవరు? అది తీరిక ఇచ్చిన నవల కాదా? సమాధానం: సహాయ నిరాకరణ రోజుల్లో జైళ్లకు పోయినవారు వేలమంది. తీరిక అందరికీ సమానమే. కటకటాలు ఒకరికి ఎక్కువ, ఇంకొకరికి తక్కువ కాలం ఇవ్వవు. మాలపల్లి ఒక్కరి వల్లే అయింది. ఆయన లోపలికి వెళ్తూ ఒక ఉద్యమానికి మాట పడి వెళ్లారు. ఆ బాకీ ఎంత నిజమైనదో సర్కారు ఆ పుస్తకాన్ని నిషేధించినప్పుడు తేలింది. అడిగేవాడు మనిషే కానక్కర్లేదు. కానీ అడగడం మాత్రం జరగాలి.

రెండో పూర్వపక్షం దీనికంటే బరువైనది: కాలం అందరికీ ఒక్కటి కాదు. నిజమే. ఇదే వాక్యం ఇద్దరి నోట రెండు అర్థాలిస్తుంది. ఆఫీసునుంచి వచ్చి సోఫాలో కాళ్లు చాపి, ఫోను తెర పైకి తోస్తూ ‘టైమే దొరకట్లేదు’ అనే మగవాడి మాట అలంకారం. పాల ప్యాకెట్టు కత్తిరించడంతో మొదలై, పిల్లల డబ్బాలు, అత్తగారి మాత్రలు, తన ఉద్యోగం, రాత్రి గిన్నెలు దాకా సాగే రోజులో ఆడమనిషి అదే మాటంటే అది వాస్తవకథనం. ట్రోలప్‌కు కాఫీ తెచ్చిచ్చే మనిషి ఉన్నాడు. విశ్వనాథకు రాసిపెట్టే తమ్ముడున్నాడు. ఇలాంటి సాయం లేనివారికి ‘పొద్దున్నే లేవండి’ అనడం వ్యాఖ్యానం కాదు, ఎత్తిపొడుపు. అయినా సిద్ధాంతానికి దీనివల్ల బలమే చేకూరుతుంది. తెలుగులో నవల వాకిళ్లలోకి వచ్చింది 1960, 70లలో, వారపత్రికల సీరియళ్లతో. అప్పుడు ముందు నిలిచినవారు మాలతీ చందూర్, రంగనాయకమ్మ, యద్దనపూడి సులోచనారాణి, వాసిరెడ్డి సీతాదేవి వంటి స్త్రీలు. ఆ రోజుల్లో ఇంటిపని తగ్గిందేమీ లేదు. మారిందేమిటంటే, వచ్చే వారానికి భాగం పంపాలని సంపాదకుడి ఉత్తరం ఇంటికి వచ్చింది. వెనకే పారితోషికం మనియార్డరు వచ్చింది. ‘ఏదో రాసుకుంటోంది’ అన్న ఇల్లు ‘పని ఉంది, కదిలించకండి’ అనడానికి ఆ రెండు కాగితాలు చాలు. తీరిక అడిగితే ఇంట్లో ఎవరూ ఇవ్వరు. బాకీ చూపిస్తే కాస్త దారి వదులుతారు. ఈ న్యాయం అన్యాయమే. కాని దాని పనితీరు అది.

మూడో పూర్వపక్షం: గడువుకు రాసింది చెత్త అవుతుంది. కొంత అవుతుంది. వారంవారం సాగదీసిన సీరియళ్లు ఎన్నో పాత కాగితాల దుకాణాల్లో ముగిశాయి. ట్రోలప్ చనిపోయాక 1883లో ఆత్మకథ వెలువడి, గడియారం సంగతి తెలిసినప్పుడు, ఇదా సాహిత్యమని చాలామంది మొహం చిట్లించారు. ఆ నవలలను ఈనాటికీ చదువుతూనే ఉన్నారు. 29 రోజుల్లో చెప్పిన నవల 29 రోజుల్లో పుట్టింది కాదు. అందులోని ఊరు, గుడి, పోయిన కాలం మీది బెంగ అంతకుముందు ఏళ్లుగా మగ్గాయి; గడువు వాటిని కాగితం మీదికి లాగింది. బాకీ పడితే నవల పూర్తవుతుంది. మంచిదవుతుందని ఏ శాస్త్రమూ హామీ ఇవ్వలేదు. మూల వాక్యం అడిగిందీ మంచి నవల గురించి కాదు, నవల గురించే. లేని నవలను దిద్దడం మాత్రం ఎవరివల్లా కాదు.

చివరి పూర్వపక్షం: ఆ వారపత్రికలు చాలావరకు మూతపడ్డాయి, రాజులు లేరు, విష్ణువు కలలోకి రావడం లేదు, ఇప్పుడెవరికి బాకీ పడాలి? అడిగేవారు తగ్గిన మాట నిజం, పూర్తిగా లేకపోలేదు. అమెరికా తెలుగువారి సంఘం తానా పెట్టిన నవలల పోటీలో 1997లో బహుమతి పొందిన చంద్రలత రేగడి విత్తులు, పోటీ అనే పాత పద్ధతి సముద్రం దాటి కూడా పనిచేస్తుందని చూపింది. పోటీ లేని సంవత్సరం నలుగురు స్నేహితులు చాలు. వారిలో ఒకరు మొహమాటం లేనివారై ఉండాలి. లెక్క పెద్దది కాదు: రోజుకు 200 మాటలు, ఏడాదిలో 250 రోజులు, మొత్తం 50,000, ఓ మోస్తరు నవల. తక్కిన రోజులు జ్వరాలకు, చుట్టాలకు, పండగలకు. ఇక ధైర్యం. పదో అధ్యాయానికి కూర్చున్నవాడికి ‘మనవల్ల అవుతుందా’ అన్న సందేహం పోదు, కానీ తొమ్మిది అధ్యాయాలు ఎదురు సాక్ష్యం చెబుతుంటాయి; ఆంధ్రవిష్ణువు చేసిన పనే అవి చేస్తాయి. కనుక మూలానికి ఈ సవరణ ప్రతిపాదిస్తున్నాం: “నవల మొదటి మూడు అధ్యాయాలు సంక్రాంతికి మీ చేతిలో పెడతానండీ.” ఇందులో ఏవకారం లేదు, అప్యర్థకం లేదు, కర్తకు బహువచనం లేదు. తేదీ ఉంది, వినేవాడున్నాడు.

తాత్పర్యం

తీరిక చిక్కాక ధైర్యం, ధైర్యం వచ్చాక నవల అన్న వరస తలకిందులైనది. ముందు ఒకరికి మాట ఇవ్వాలి. ఆ మాట నిద్రలోంచో ఫోనులోంచో కొంత కాలాన్ని కోస్తుంది. ఆ కాలంలో పడ్డ పుటలు ధైర్యాన్ని ఇస్తాయి. ఇంట్లో ఇంకొకరి రోజు తనకంటే ఇరుగ్గా ఉంటే, వారికి ఆ కాలాన్ని కోసివ్వడమూ ఈ శాస్త్రంలో భాగమే. సంక్రాంతి వచ్చినా అధ్యాయాలు రాకపోతే ఏమిటన్న సందేహం మిగులుతుంది. అప్పుడు ఉగాదికి వాయిదా అడగవచ్చు. అందులో సిగ్గుపడాల్సింది లేదు: బాకీ లేనివాడు వాయిదా అడగడు.