క్రోషియా సూది ఆత్మకథ

కారెంపూడి వీరుల ఆయుధములకు కార్తీకమాసమున నేటికిని పూజలు జరుగుచున్న పల్నాటిసీమలో, జానెడైనను లేని ఉక్కుపుల్ల తన చరిత్ర చెప్పబూనుట సాహసమే యనిపించవచ్చును. అయినను ఆ కత్తులు తెగవేసినవాటిని గూర్చి తరతరములుగా అందరును పాడుకొనుచుండగా, నేను అల్లినవాటిని గూర్చి అడిగినవారే లేకపోవుటచేత, నా మాట నేనే చెప్పుకొనవలసి వచ్చినది.

నేనొక క్రోషియా సూదిని. నా జన్మవృత్తాంతము రెండు మాటలతో తీరును: సన్నని ఉక్కుకడ్డీని తరిగి, ఒక కొసను గాడి చెక్కి కొక్కెముగా తీర్చి, వ్రేళ్లకు పట్టు దొరకుటకై నడుమును కొంత చదును చేసిరి. నా దాయాదులైన ఊలుసూదులు జంటగా పనిచేయును. అల్లికలోని వరుస వరుసంతయు వాటిమీద నిలిచియుండును. నేను ఒంటిదానను. నామీద నిలుచునది సాధారణముగా ఒక్క ఉచ్చు; దానిలోనుండి దారమును లాగినచో మరియొక ఉచ్చు; అట్లు గొలుసుగా సాగి, గొలుసు పువ్వై, పువ్వులు తీగలై విరియును. ఊలుసూదుల పనిని 1589లోనే ఇంగ్లండునందు విలియం లీ యనునతడు యంత్రమునకు అప్పగించెను గాని, నా పనిని యథాతథముగా చేయగల యంత్రము నేటివరకు విపణికి రాలేదు. నాకున్న గర్వమెల్ల ఇంతమాత్రమే.

నన్ను కొన్నది నరసాపురమున లేసు అల్లు కుటుంబము. పందొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల వెంట గోదావరి తీరమునకు వచ్చిన ఈ విద్య, అచ్చటి స్త్రీల చేతులలో స్థిరపడి, సముద్రములు దాటిపోవు సరకైనది. 1845 మొదలు ఐర్లండులో ఆలుగడ్డ పంట కుళ్లి మహాక్షామము దాపురించినప్పుడు, అచ్చటి పేద స్త్రీలకు ఇంత తిండి సంపాదించిపెట్టినవారిలో నా జాతివారును ఉండిరి. నరసాపురమున నా యజమానురాలు బాలికగా నున్నప్పుడు తల్లిప్రక్కన అరుగుమీద కూర్చుండి, దళారి ఇచ్చిన దారమును అల్లి, అతడు లెక్కగట్టి చేతిలో పెట్టిన చిల్లర పుచ్చుకొనుట నేనెరుగుదును. ఆ చిల్లరను కూలి యనుటకు ఎవరికిని నోరు రాలేదు. ఊసుపోక చేయు పనికి అదియే ఎక్కువ యనిరి. 1982లో జర్మను సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురపు లేసు స్త్రీలను గూర్చి గ్రంథము ప్రకటించి, దూరదేశపు విపణికై వ్రేళ్లు కాయలు కాచునట్లు శ్రమించువారిని వట్టి గృహిణులుగా లెక్కించుటలోని అన్యాయమును లోకమునకు ఎరుకపరచెను. ఆ సంగతి అరుగుమీది సూదులకు అంతకుముందే తెలియును.

పెండ్లియై గురజాలకు కాపురమునకు వచ్చునప్పుడు ఆమె నన్ను పసుపుగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకొన్నది. 1967లో నాగార్జునసాగరు కుడికాలువకు నీరు వదలిన పిదప పల్నాటి పొలముల రూపే మారుచున్న దినములవి. ప్రక్కనే రెంటచింతల; దాని ఎండలు రాష్ట్రమంతట ప్రసిద్ధములు. ఇట్టి సీమకు ఊలుసూదులతో వచ్చిన కోడలైనచో మార్గశిర పుష్యములు దాటగనే చేతులు ముడుచుకొనవలసినదే. నాకు నూలుదారము చాలును. అది చెమటను పీల్చును, ఉతికినకొలది మెత్తబడును. చుట్టును ప్రత్తిచేలే యున్నను, దారపు ఉండ మాత్రము నరసరావుపేట అంగడినుండి రావలసియుండుట నాకెప్పుడును వింతగనే తోచెడిది.

ఇచ్చట దళారి లేడు, తూకము లేదు. ఆడబిడ్డ కడుపు పండినదని తెలిసిన నాడే బిడ్డకు టోపీ మొదలయ్యెను. మామగారి రేడియోకు ముసుగు, తోడికోడలి రవికచేతులకు అంచు, ఎదురింటి పంతులమ్మగారికి చేతిసంచి, కోటప్పకొండ తిరునాళ్లకు మరిదికొడుకు కట్టుకొన్న చిన్న ప్రభకు కుచ్చులు, ఇట్లొకటి ముగియకముందే మరియొకటి. "మా వదినకి ఎరుపు గిట్టదు, పచ్చదారం తెప్పించు" అని భర్తతో చెప్పుచు, ఎవరికై అల్లుచున్నదో వారి ఇష్టానిష్టములను, వారి తల కొలతను, వారు తనతో ఆడిన మంచిమాటను మనస్సున నిలుపుకొని, పగటి చాకిరి తీరిన పిదప దీపము దగ్గర కూర్చుండి ఆమె అల్లెడిది.

1987 ప్రాంతమున తెల్లదోమ పడి గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిరైతులు అప్పులలో మునిగిరి. ఆ యేట మేనకోడలి పెండ్లికి వెండిగిన్నె కొను తాహతు ఆమెకు లేకపోయెను. నా అల్లికకు ఒక గుణము కలదు: కడపటి ముడి విప్పి లాగినచో మొదటి ఉచ్చువరకు ఊడివచ్చును; దారము మూరెడైనను వ్యర్థము కాదు. తన పుట్టింటినుండి తెచ్చుకొన్న బల్లగుడ్డను ఆమె అట్లు విప్పి, ఆ దారముతోనే పెండ్లికూతురికి మంచముమీదికి దుప్పటి అల్లి ఇచ్చెను. ఆ పెండ్లిలో చదివించిన వెండి తరువాతి కరవులలో తాకట్టుకొట్టుకు నడచిపోయెను. దుప్పటి మాత్రము ఇల్లు కదలలేదు. లేసును తాకట్టు పట్టువాడు ఇంకను పుట్టలేదు గదా!

నా ఫిర్యాదు పుచ్చుకొన్నవారిమీదనే. "దీనికెంతైంది వదినా?" అని ఒకామె యడిగెను. "దారం పాతిక రూపాయలు." "అంతేనా!" ఆ యొక్క మాటతో ఎన్ని రాత్రుల పనియో గాలికి పోయెను. ఒకరు చేతిసంచిని అపురూపమని బీరువాలో దాచి పురుగులకు ఆహారము చేసిరి. మరియొకరు రేడియో ముసుగును టీవీకి మార్చిరి. టీవీ పలుచనై గోడకెక్కగనే అది బియ్యపుడబ్బా క్రింద చేరెను. పట్నములో కాపురమున్న కొడుకు ఇంటికి పంపిన ఉయ్యాల దుప్పటి స్కూటరు తుడుచు గుడ్డయైనట్లు, వారింటికి పోయివచ్చిన బంధువొకడు నవ్వుచు చెప్పగా, ఆమె నవ్వలేదు. నన్ను మాత్రము కొంతసేపు వ్రేళ్లమధ్య త్రిప్పుచు కూర్చుండెను.

కన్నులకు శుక్లములు వచ్చిన పిదప ఆమె నన్ను కుట్టుమిషను సొరుగులో పెట్టెను. అంతటితో నా పతనము మొదలు. లంగాలకు బొందులెక్కించుటకు నన్ను తీసిరి. అది మా కులవృత్తికి చేరువయే యని సరిపెట్టుకొంటిని. స్టవ్వు కన్నములలోని మసి గీకుటకు తీసిరి. ఉక్కును గదా యని ఓర్చుకొంటిని. ఒకనాడు ఇంటి పెద్దమనిషి గులిమి తీసుకొనుటకై నన్ను చెవిలో దూర్చెను. అంత ప్రమాదకరమైన పని నాచేత చేయించినందులకు నేటికిని క్షమించలేదు. ఇప్పుడు అరిగిన గుండీలు, విరిగిన తాళపుచెవులు, ఎండిన జిగురుసీసా నా ఇరుగుపొరుగు. కొక్కెమునకు త్రుప్పు పట్టినది.

2024లో నరసాపురపు క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినదని విని సంతోషించితిని. ఊరి పేరుకు రక్షణ వచ్చినది, మంచిదే. కాని అమ్మకమునకు పోని అల్లికకు, చుట్టములకును స్నేహితులకును ఊరక ఇచ్చు టోపీకి, సంచికి, ఏ ప్రభుత్వమును ముద్ర వేయజాలదు. దానికి విలువ కట్టవలసినవారు పుచ్చుకొన్నవారే.

కావున చదువరులారా, ఎవరైన తమ చేతులతో అల్లి ఇచ్చినదానిని దాచకుడు, వాడుడు. అల్లినవారి కంటబడునట్లు వాడుడు. దారము తెగినచో కత్తెరతో కత్తిరింపక, కొస దొరకబుచ్చుకొని ముడివేయుడు; వెంటనే వేసినచో చిరుగు పెరుగదు. వెల యడుగవలసివచ్చినచో దారపు వెల గాక, ఎన్ని రాత్రులు పట్టెనో అడుగుడు. మీ ఇంటి సొరుగులో నావంటిది పడియున్నచో, కొక్కెమును గరుకు కాగితముతో నున్నగా రుద్ది, ఒక దారపు ఉండ కొని, అల్లుట తెలిసిన అమ్మమ్మ దగ్గర కూర్చుండుడు. త్రుప్పు నాకు పట్టినది గాని, విద్యకు ఇంకను పట్టలేదు.