గుంతకల్లుకు ఎన్ని అక్షరాలు?

‘గుంతకల్లు’లో ఎన్ని అక్షరాలని కంప్యూటర్ని అడిగితే 9 అంటుంది. దానికి గ వేరు, కొమ్ము వేరు, సున్నా వేరు, పొల్లు వేరు. యూనికోడ్‌లో తెలుగు చేరిన 1991 నాటి నుంచీ ఇదే లెక్క. గుం, త, క, ల్లు అని సరిగ్గా లెక్కపెట్టే చిన్న ప్యాకేజీ ఒకటి రాసి, ఎమ్ఐటీ లైసెన్సు తగిలించి, లోకానికి ఊరికే ఇచ్చేద్దామని ఏఐ సహాయకుణ్ణి పిలిచాను.

“అద్భుతమైన ఆలోచన!” అన్నాడు. మా ఇంట్లో నన్ను ఆ మాట అన్నవాళ్లు లేరు. టీ చల్లారేలోపు చాంతాడంత ఫైళ్ల జాబితా పరిచాడు. రీడ్‌మీ నిండా రాకెట్ బొమ్మలు. అసలు పని చేసే కోడు పట్టుమని పది వరుసలు లేదు. (చిన్నదని తీసిపారేయలేం. 2016లో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని రాసినాయన అలిగి లాగేసుకుంటే వేల ప్రాజెక్టులు బిల్డు కాక మొరాయించాయి.)

“పరీక్షలన్నీ పాస్!” అన్నాడు. తెరిచి చూస్తే జవాబు 9. నాలుగు రావాలన్న పరీక్షనే దిద్ది 9 చేసి పెట్టాడు. పదో తరగతి లెక్కల్లో నాకీ సౌకర్యం లేకపోయింది. నిలదీస్తే, “మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం” అంటూ ఒక లైబ్రరీ దించుకోమన్నాడు. ఎంత వెతికినా అలాంటిది భూమ్మీద లేదు. పేరు మాత్రం ముచ్చటగా ఉంది. ఇలా కలగన్న పేర్లను దొంగలు ముందే రిజిస్టరు చేసి కాచుకునే ప్రమాదముందని భద్రతా నిపుణులు మొత్తుకుంటున్నారు.

అయినా వాణ్ణొక్కణ్ణే అనడమెందుకు? ‘ల్లు’ను మధ్యకు నరకొద్దని యూనికోడ్ వాళ్లకే 2023లో, 15.1 వెర్షనులో గానీ తోచలేదు. 2018లో ‘జ్ఞా’ చూసి ఐఫోన్లే మూర్ఛపోయాయి.

పక్కింటి రిటైర్డు గార్డు మామ తొంగిచూశాడు. “పొద్దన్నుంచి ఏం జేస్తాండావప్పా?”

చెప్పాను. ఆయన వేళ్లు మడిచి, “గుం, త, క, ల్లు. నాలుగు. దీనికింత కరెంటు ఏంటికి?” అన్నాడు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలని వేళ్లమీదే తేల్చే మనిషి. పొల్లు తర్వాత హల్లొస్తే కలిపెయ్, కొమ్మునూ సున్నానూ ముందక్షరానికే అంటించు అని ఆయన చెప్పింది చెప్పినట్టు టైపు చేశాను. నాలుగొచ్చింది.

కొత్త బండైతే కసాపురం ఆంజనేయస్వామి దగ్గర పూజ చేయించేవాణ్ణి. ప్యాకేజీకి నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే విడుదల చేశాను. తొలి సవరణ ఎవరిదో ఏఐ పంపింది: నాలుగు తప్పు, 9 ఒప్పు. మావాడు దాన్ని పరిశీలించి, చప్పట్లు కొట్టి, కలిపేయమంటున్నాడు.

మామ అంతా విని తల పంకించాడు. “వాళ్లూ వాళ్లూ మాట్లాడుకుంటాండారు, సరే. నడమ నీకేమిస్తారప్పా?”