గుంట లెక్క తెలియని యాప్

2006లో హైదరాబాద్ శివారు రావిర్యాలకు చిప్పుల ఫ్యాక్టరీలు వస్తాయన్నారు. ఫ్యాబ్ సిటీ అని పేరు కూడా పెట్టేశారు. చిప్పులు రాలేదు గానీ సోలార్ పలకలు, టీవీలు వచ్చాయి. 2016లో వండర్‌లా వినోద పార్కు వచ్చింది. ఇక పిల్లలకు లెక్కలు రావడమే మిగిలింది. వాటి కోసం యాప్ వస్తోంది.

2025లో తెలంగాణ ప్రభుత్వం ఎక్‌స్టెప్, ఖాన్ అకాడమీ వంటి సంస్థలతో ఒప్పందాలు చేసుకుంది. సర్కారు బడి పిల్లల్లో ఎవరు ఎక్కడ వెనకబడ్డారో కంప్యూటరే కనిపెట్టి, అక్కడి నుంచి నేర్పుతుందట. మంచిదే. తరగతి నిండా పిల్లలుంటే ఒక్క సారు ఎంతమందిని పట్టించుకోగలడు?

బడిలో ఉన్నంతసేపు సరే. ఇంటికెళ్లి యాప్‌లో సాధన చేయమంటేనే చిక్కు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పొద్దున్నే నాన్నతో కంపెనీ డ్యూటీకి పోతుంది. రాత్రికి ఇద్దరూ చార్జింగ్ అయిపోయి వస్తారు. ఆపైన అమ్మ సీరియల్, అన్న రీల్స్. పిల్ల వంతు వచ్చేసరికి డేటా ఖతం. తెల్లారి యాప్ మందలిస్తుంది: "నిన్న మీరు సాధన చేయలేదు!"

చేసినా అడిగేదేంటి? పిజ్జాను 8 ముక్కలు చేస్తే 3 ముక్కలు ఎంత భాగమని. బిహార్ నుంచి పనికొచ్చినవారి కొడుక్కి తెలుగు ప్రశ్న అర్థం కాదు, ఊరి పిల్లకు ఇంగ్లిష్ ప్రశ్న అర్థం కాదు. ఇద్దరికీ ఒకటే ఎర్ర ఇంటూ. రానిది లెక్కా, భాషా అన్న విచారణ లేదు. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ వేసిన సర్కారు పుస్తకమే నయం.

అదే పిల్లను ఎకరానికెన్ని గుంటలని అడగండి. 40 అంటుంది. గుంటకు 121 గజాలు. తాత ఎకరం నలుగురు కొడుకులకు పంచితే తలా 1,210 గజాలని వేలు మడవకుండా చెబుతుంది. భూముల బేరాలు వింటూ పెరిగిన పిల్ల మరి! పాపం, యాప్‌లో దానికి బ్యాడ్జీ లేదు.

పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో ట్యాబులు పంచింది. 2024 జులైలో ఆ కంపెనీయే దివాలా విచారణకెక్కింది. లాభనష్టాల పాఠం మాత్రం పూర్తిగా చెప్పినట్టే.

అయ్యా, అధికారులూ! యాప్‌లు వద్దనడం లేదు. వాటిని బడిలోనే వాడించండి, ఇంటి ఫోను మీద భారం వేయకండి. ప్రశ్నల్లో గుంటలు, గజాలు, కూలి డబ్బులు పెట్టండి. అన్నిటికన్నా ముందు, లెక్కల సారు లేని బడికి సారును పంపండి. తప్పెక్కడ జరిగిందో యాప్ చూపిస్తుంది. ఎందుకు జరిగిందో పక్కన కూర్చుని అడిగేది ఆయనే.