ఐదు దివ్వెల పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఫార్ములా వన్ కారు పందేల ఏడాది ఉగాదికి అటూ ఇటూగా మొదలవుతుంది. పంచాంగ శ్రవణంలో రాశిఫలాలు విన్న చందంగా, మొదటి పందెం ఫలితం చెవిన పడగానే లోకం ఏడాది ఫలమంతా చెప్పేస్తుంది: ఫలానా డ్రైవరుకు రాజపూజ్యం ఏడు, ఫలానా జట్టుకు ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు. ఈ అలవాటు ఎంతవరకు నిలుస్తుందో విచారించడమే ఈ టీక పని. టీక ఉన్నచోట మూలం ఉండి తీరాలి. ఎంత వెతికినా దొరకలేదు కనుక టీకాకారుడే ఒక ఆటవెలది అల్లుకున్నాడు. మూలకర్త అనుకోని అర్థాలను టీకాకారులు పీకి చూపిస్తారన్న అపవాదు ఈ ఒక్కసారికి చెల్లదు.

మూలం

ఐదు దివ్వె లారె నంతలో నురికెను
తేరు లిరువదియును తీరె పోరు
మొదటి వాని కపుడె మోపిరి మకుటంబు
పద్దు చదువ రెవరు పర్వమందు

ప్రతిపదార్థం

ఐదు దివ్వెలు = కార్లకెదురుగా పైన సెకనుకొకటి చొప్పున వెలిగే ఐదు ఎర్ర లైట్లు; ఆరెన్ = అన్నీ ఒక్కసారిగా ఆరిపోయినవి (ఐదూ వెలిగాక ఎంతసేపటికి ఆరుతాయో డ్రైవరుకు ముందు తెలియదు, కనుక రెప్ప వేయరాదని ధ్వని); అంతలోన్ = ఆ క్షణాననే; తేరులు ఇరువదియును = 2025 నియమాల ప్రకారం డ్రైవరుతో కలిపి 800 కిలోలకు తక్కువ తూగరాని ఇరవై కార్లును; ఉరికెను = దూకినవి; పోరు తీరె = 305 కిలోమీటర్లు దాటించే చుట్టుతో పందెం ముగిసెను (మెల్‌బోర్న్ ఆల్బర్ట్ పార్కులో చెరువు చుట్టూ 5.278 కిలోమీటర్ల దారి, మామూలుగా 58 చుట్లు); మొదటి వానికి = గెలిచినవానికి; అపుడె = 2025 లెక్కన ఇంకా 23 పందేలు మిగిలి ఉండగానే; మకుటంబు = ఏడాది చివర దక్కవలసిన ప్రపంచ విజేత కిరీటమును; మోపిరి = నెత్తిన పెట్టిరి; పర్వమందు = ఆ సంబరంలో; పద్దు = మొదటివాడికి 25, రెండోవాడికి 18, మూడోవాడికి 15 అంటూ పదోవాడికి 1 దాకా వేసే పాయింట్ల లెక్కను; ఎవరు చదువరు = ఒక్కరూ చూడరు.

తాత్పర్యం

మొదటి పందెం రాబోయేదాన్ని చెప్పే జోస్యం కాదు, జరిగినదాన్ని రాసుకునే పద్దు. జోస్యమని నమ్మినవాడు ఒకసారి మోసపోతాడు. పద్దుగా చదవనివాడు రెండుసార్లు మోసపోతాడు. ఎందుకంటే, డిసెంబరులో కిరీటం ఎవరిదో తేలినప్పుడు ఆ లెక్కలో మార్చి నెల అంకె కూడా ఉందని అతడికి తట్టదు.

విశేషాలు

మీమాంసకులు ఒక గ్రంథ తాత్పర్యాన్ని తేల్చడానికి ఆరు గుర్తులు చెప్పారు: ఉపక్రమోపసంహారాలు (ఆరంభం, ముగింపు), అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. ఇందులో అర్థవాదమంటే పొగడ్త. పొగడ్త దేన్ని పొగుడుతోందో చూడాలే తప్ప దాన్ని ఉన్నదున్నట్టు నమ్మకూడదని వాళ్ళ కట్టడి. మన పద్యంలో మూడో పాదం అచ్చమైన అర్థవాదం. టీవీ వ్యాఖ్యాతలు, పత్రికల పతాక శీర్షికలు, పోడియం మీద షాంపేన్ నురగ అన్నీ ఈ కోవలోకే వస్తాయి. దీన్ని ఉన్నదున్నట్టు నమ్మితే ఏమవుతుందో 1996 నుంచి 2025 దాకా ముప్ఫై ఏళ్ళ చిట్టా చెబుతుంది. మొదటి పందెం గెలిచినవాడే ఏడాది చివర విజేత అయినది 16 సార్లు, కానిది 14 సార్లు. 2017లోనూ 2018లోనూ మెల్‌బోర్న్‌లో తొలి పందెం వెటెల్‌ది, కిరీటం హామిల్టన్‌ది. 2019లోనూ 2020లోనూ తొలి గెలుపు బొట్టాస్‌ది, కిరీటం మళ్ళీ హామిల్టన్‌దే. తీరా 2021లో తొలి పందెం హామిల్టన్ గెలిస్తే కిరీటం వెర్‌స్టాపెన్‌కు పోయింది.

ఇక్కడ లెక్క తెలిసినవాడొకడు లేచి అడ్డుపడతాడు. బరిలో ఉన్నది ఇద్దరు కాదు, దాదాపు ఇరవైమంది. ఇరవైమందిలో ఒకణ్ణి చూపించి ముప్ఫైకి 16 సార్లు నిజమనిపించుకుంటే ఏ జోస్యుడికైనా గండపెండేరం తొడగవచ్చు కదా అని. ప్రశ్న సబబే, కాని ఆ పదహారుసార్లూ ఎవరివో విప్పి చూడాలి. 2001, 2002, 2004లలో షుమాకర్, 2006లో అలోన్సో, 2011లో వెటెల్, 2015లో హామిల్టన్, 2023, 2024లలో వెర్‌స్టాపెన్. ఈ ఎనిమిదిసార్లూ గెలిచినవాడు అంతకు ముందటి ఏడాది విజేతే. నిరుడు రాజైనవాడు ఈ ఏడూ రాజే అనడానికి మొదటి పందెం దాకా ఆగనక్కర్లేదు. ఇక మిగిలినవి ఎనిమిది. ముప్ఫై ఏళ్ళలో ఎనిమిదిసార్లు మాత్రమే కొత్త మాట చెప్పి నెగ్గించుకున్న జోస్యానికి గండపెండేరం ఎక్కువ. పోనీ డ్రైవరు సంగతి కాకున్నా కారు సంగతైనా చెబుతుందా అంటే, తొలి పందెం గెలిచిన జట్టే జట్ల కిరీటం కూడా గెలిచినది 20 సార్లు. కొంత మెరుగే. అయితే అందులో 1999 కూడా ఉంది. ఆ ఏడు మెక్‌లారెన్ కార్లు రెండూ మధ్యలోనే ఆగిపోతే ఫెరారీలో ఇర్వైన్ గెలిచాడు. అక్కడ జోస్యం ఫలించిందనాలో, ఎదుటివాడి కారు చెడిందనాలో తేల్చడం కష్టం.

తొలి పందెం గెలుపు ఎంత చిన్న వస్తువు మీద ఆధారపడుతుందో 2018 మెల్‌బోర్న్‌లో చూడవచ్చు. హామిల్టన్ ముందు వరసలో మొదటి చోటు నుంచి బయల్దేరి ముందే ఉన్నాడు, టైర్లు మార్చుకుని వెళ్ళాడు కూడా. ఫెరారీలో ఉన్న వెటెల్ ఇంకా మార్చుకోలేదు. ఈలోగా నాలుగు, ఐదు స్థానాల్లో ఉన్న హాస్ జట్టు కార్లు రెండూ రెండు చుట్ల తేడాలో టైర్లు మార్చుకోవడానికి లోపలికొచ్చాయి. రెండింటికీ ఒక్కో చక్రం నట్టు సరిగా బిగియలేదు, రెండూ దారి పక్కన ఆగిపోయాయి. ఆగిన కారును తీసేదాకా అందరూ నెమ్మదిగా నడపాలని వర్చువల్ సేఫ్టీ కారు ప్రకటించారు. అందరూ మెల్లగా పోతున్నప్పుడు లోపలికెళ్ళి టైర్లు మార్చుకుంటే పోయే సమయం తక్కువ. వెటెల్ వెళ్ళి వచ్చేసరికి హామిల్టన్ కన్నా ముందున్నాడు, చివరిదాకా అక్కడే ఉన్నాడు. లోకం ఫెరారీకి కిరీటం పెట్టింది. ఏడాది చివర హామిల్టన్ 408 పాయింట్లు, వెటెల్ 320. మరి ఆ పందెం ఏం చెప్పినట్టు? వేరే జట్టువాడి నట్టు బిగియలేదని చెప్పింది. వెటెల్ ఖాతాలో 25 వేసింది. ఈ రెండో మాటే పద్యం నాలుగో పాదంలో ఉన్నది.

ప్రథమ పూర్వపక్షం: 2009 మాటేమిటి?

జోస్యవాదుల దగ్గర ఉన్న గట్టి అస్త్రం ఇదే. 2008 డిసెంబరులో హోండా జట్టును వదిలించుకుంటున్నట్టు ప్రకటించింది. మార్చి మొదటి వారానికి రాస్ బ్రాన్ దాన్ని చేతికి తీసుకుని తన పేరు పెట్టాడు. నియమాలు మారిన ఏడాది అది. కారు వెనక అడుగున గాలిని మళ్ళించే డిఫ్యూజర్‌ను రెండంతస్తులుగా కట్టడానికి నియమంలో సందుందని బ్రాన్ మనుషులు కనిపెట్టారు. ఉగాది వెళ్ళిన రెండో రోజు, మార్చి 29న, మెల్‌బోర్న్‌లో బ్రాన్ డ్రైవర్లు బటన్, బారికెల్లో మొదటి రెండు స్థానాల్లో వచ్చారు. ఏడాది చివర డ్రైవర్ల కిరీటం బటన్‌ది, జట్ల కిరీటం బ్రాన్‌ది. ఇంతకన్నా సూటిగా ఏ పంచాంగం చెబుతుంది అని వాళ్ళ వాదం. సమాధానం: ఆ ఏడు బటన్ గెలిచినవి మొదటి ఏడింటిలో ఆరు, తర్వాతి పదింటిలో ఒక్కటీ లేదు. తక్కిన జట్లూ ఆ డిఫ్యూజర్ కట్టుకున్నాయి, రెడ్ బుల్ కారు అందరినీ దాటిపోయింది, చివరి మూడు పందేలూ వాళ్ళే గెలిచారు. అంటే ఈ కారే అన్నిటికన్నా వేగమైనదన్న మార్చి జోస్యం వేసవి గడిచేసరికి అబద్ధమైంది. అయినా కిరీటం బటన్‌కే దక్కింది. ఎలా? మార్చి నుంచి జూన్ దాకా పోగేసినది ఎవరూ వెనక్కి తీసుకోలేరు కనుక. అప్పటి పాయింట్ల పద్ధతిలో చివర బటన్ 95, రెడ్ బుల్‌లో ఉన్న వెటెల్ 84. జోస్యవాదులు ఏ ఏడాదిని సాక్షిగా పిలిచారో, ఆ ఏడాదే పద్దు పక్షాన నిలబడి సాక్ష్యం చెప్పింది.

ద్వితీయ పూర్వపక్షం: తేలేది చివరి పందెంలోనే కదా?

ఈ జగడం కొత్తది కాదు. వాక్యార్థం తేల్చడంలో ఆరంభం బలమైనదా, ముగింపు బలమైనదా అన్న చర్చ మీద 16వ శతాబ్దిలో అప్పయ్య దీక్షితులు ‘ఉపక్రమ పరాక్రమం’ అని గ్రంథమే రాశారు. దానికి జవాబుగా విజయీంద్ర తీర్థులు ‘ఉపసంహార విజయం’ రాశారు. పందేల లోకంలో ఉపసంహార పక్షంవారు చూపించేది 2021 చివరి పందెం, అబుదాబి. హామిల్టన్, వెర్‌స్టాపెన్ చెరి 369.5 పాయింట్లతో అక్కడికొచ్చారు. సేఫ్టీ కారు వివాదం నడుమ ఆఖరి చుట్టులో వెర్‌స్టాపెన్ దాటి కిరీటం గెలిచాడు. మొదటి పందెం హామిల్టన్ గెలిస్తే ఏం, ముగింపే కదా తీర్పు చెప్పింది అంటారు. అయితే ఆ 369.5 సమానం ఎలా అయిందో చూడాలి. ఆ ఏడు తొలి పందెం బహ్రెయిన్‌లో ఆఖరి చుట్లలో వెర్‌స్టాపెన్ నాలుగో మలుపు దగ్గర హామిల్టన్‌ను దాటాడు. దాటుతూ కారును దారి గీతకు అవతలికి పోనిచ్చాడు. నియమం ప్రకారం చోటు తిరిగి ఇవ్వవలసి వచ్చింది, హామిల్టన్ 0.745 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ దాటడమే చెల్లి ఉంటే ఒకరికి ఏడు పెరిగి, ఇంకొకరికి ఏడు తగ్గి, అబుదాబికి వచ్చేసరికి వెర్‌స్టాపెన్ 14 పాయింట్ల ముందుండేవాడు. అప్పుడు రెండో స్థానంలో ముగించినా కిరీటం అతడిదే, ఆఖరి చుట్టు గొడవకు పనే లేదు. కనుక ఉపసంహారానికి ఆ విజయం కట్టబెట్టినది ఉపక్రమమే. దీక్షితులవారి పక్షం పూర్తిగా నెగ్గిందనీ చెప్పలేం. ఆరంభం తీర్పు చెప్పలేదు, తీర్పు ఎక్కడ జరగాలో మాత్రం నిర్ణయించింది.

తృతీయ పూర్వపక్షం: ఏ పందెమైనా అంతే కదా?

పాయింట్లు ఎక్కడైనా 25 అయినప్పుడు మొదటిదానికి ప్రత్యేకంగా టీక ఎందుకు, పైగా ఒకటి మారితే తక్కినవన్నీ మారేవి కదా అని చివరి ఆక్షేపం. రెండో సగం ఒప్పుకోవలసిందే. ఫలానావాడు గెలిచేవాడని ఈ లెక్కలు రుజువు చేయవు, ఒక్కో అంకె బరువెంతో చూపిస్తాయి, అంతే. మొదటి సగానికి జవాబు: అంకె అన్నిచోట్లా ఒకటే, కాని దాన్ని సంపాదించే స్థితి ఒకటి కాదు. కారు ఎలా ఉందో కట్టినవాళ్ళకే పూర్తిగా తెలియని రోజు అది, ఒక్క చినుకు పడినా లెక్కలు తారుమారవుతాయి. అయినా పచ్చి పనికీ పండిన పనికీ కూలి ఒక్కటే. ఆ ఒక్క రోజునే జనం జోస్యం వింటూ లెక్క చూడటం మానేస్తారు.

సిద్ధాంతం

2025 మార్చి 16 ఆదివారం, మనకు పొద్దున్న తొమ్మిదిన్నర, మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం మూడు. తడిసిన దారి మీద, బయల్దేరకముందు వేసే చుట్టులోనే ఒక కారు గోడకు గుద్దుకుంది. పందెం ఆలస్యమై 57 చుట్లకు కుదించారు. మెక్‌లారెన్ కార్లు రెండూ ముందున్నాయి: నోరిస్, వెనకే మెల్‌బోర్న్‌లోనే పుట్టిన పియాస్ట్రి. 44వ చుట్టులో మళ్ళీ వాన పట్టుకుంది, ఇద్దరూ ఒకేచోట జారారు. నోరిస్ ఎలాగో దారికెక్కి వానటైర్లకు వెళ్ళాడు. పియాస్ట్రి గిర్రున తిరిగి తడిగడ్డిలో దిగబడి, రివర్సులో బయటపడి, తొమ్మిదో స్థానంతో 2 పాయింట్లు తెచ్చుకున్నాడు. నోరిస్ 0.895 సెకన్ల తేడాతో వెర్‌స్టాపెన్ కన్నా ముందు వచ్చాడు. డిసెంబరు లెక్క: నోరిస్ 423, వెర్‌స్టాపెన్ 421, పియాస్ట్రి 410. ఆ 0.895 సెకన్లు అటు మొగ్గి ఉంటే వెర్‌స్టాపెన్ 428, నోరిస్ 416. పియాస్ట్రి గడ్డిలో దిగబడక రెండో స్థానంలోనే ముగించి ఉంటే అతడికి 426, నోరిస్‌కు అదే 423, మూడో స్థానానికి దిగిన వెర్‌స్టాపెన్‌కు 418. ఒక్క మధ్యాహ్నం పద్దులో ముగ్గురు రాజులున్నారు. ఆ రోజు గెలిచినవాడే చివరా గెలిచాడు గనుక జోస్యం ఫలించిందని లోకం సంబరపడింది. నిజానికి ఫలించింది కూడిక. కనుక తొలి పందెం చూసేవాడు ఎవరు గెలిచారన్నది పక్కన పెట్టి, గెలవగలిగి కూడా తొమ్మిదో స్థానానికి జారినవాడు ఎవడో, ఎన్ని పాయింట్లు పోగొట్టుకున్నాడో రాసి పెట్టుకోవాలి. ఆ అంకె డిసెంబరులో అక్కరకొస్తుంది.